పాలు ఆపని ఇల్లు

మా కాలనీలో ఎవరింట్లో జబ్బు ఉందో కనిపెట్టే ఉపాయం నాది. కరోనా వచ్చిన మొదటి ఏడు, అందరం మూతులకు గుడ్డలు కట్టుకుని ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్న రోజుల్లో నాకు ఆ లెక్క తట్టింది. అల్వాల్‌లో ఒక స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని కదా, ఊరుకోలేను. పేపరు అందరూ మానేశారు. పనిమనుషుల్ని అందరూ మానిపించారు. వాటిని బట్టి ఏమీ తెలియదు. పాలు మాత్రం ఎవరూ మానలేదు. అలాంటప్పుడు ఒక ఇంటివాళ్ళు ఉన్నట్టుండి బుచ్చమ్మను రావద్దన్నారంటే ఆ ఇంట్లో ఏదో ఉన్నట్టే.

బుచ్చమ్మ మాకు పాలు పోసే ఆవిడ. శామీర్‌పేట నుంచి తుర్కపల్లి వెళ్ళే దారిలో, పొలాలు ప్లాట్లయిన చోట లేచింది మా కాలనీ. ఆ పొలాల్లో కొన్ని ఆవిడవే. భూములు అమ్మినా బర్రెలను అమ్మలేదు. కొడుకు నరసింహ కారు కొని, ప్లాట్లు అమ్మిపెడుతూ, పార్టీ కండువా వేసుకుని తిరుగుతుంటే, ఆవిడ మాత్రం పొద్దున ఆరింటికల్లా క్యాను పట్టుకుని మా గేట్లు తట్టేది. మా కాలనీలో ఇరవై ఇళ్ళకు పోసేది.

ఆ మొదటి ఏడు మా ఎదురింటి కామేశ్వరి గారు రెండు రోజులు పాలు పోయించుకోలేదు. నేను కాలనీ గ్రూపులో రాశాను. "నలభై రెండో నంబరు ఇంటివాళ్ళు పాలు ఆపారు. ఎవరైనా కనుక్కుంటారా?" అని, చివర రెండు చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టాను. సాయంత్రానికల్లా మా ప్రెసిడెంటు బుల్లిబాబు గారు వెళ్ళి వాళ్ళ గేటుకు ఎర్ర రిబ్బను కట్టించారు. పద్నాలుగు రోజులు ఆ గేటు ముందు నుంచి ఎవరూ నడవలేదు. ఆ తర్వాత ఆవిడ నన్ను చూస్తే తలుపు వేసుకునేది.

ఆవిడ పాలు ఎందుకు ఆపిందో నాకు అప్పుడు తోచలేదు. బుచ్చమ్మకు అంటుకుంటుందని ఆపింది. నా ఉపాయానికి చిక్కేది అలాంటివాళ్ళే.

రెండో ఏడు ఉగాది వెళ్ళిన మూడో రోజు మా ఆయనకు జ్వరం వచ్చింది. వెంకటసాయి తుర్కపల్లిలో ఒక ల్యాబులో పనిచేస్తాడు. ఉగాది పచ్చడి ఇంకా ఫ్రిజ్‌లో ఉంటే తెచ్చి ముక్కు దగ్గర పెట్టాను. మామిడికాయ వాసన గాని, బెల్లం వాసన గాని ఏమీ రావడం లేదన్నాడు. కాలనీలో తెలియకుండా, అల్వాల్‌లో మా స్కూలు టీచరు అడ్రసు ఇచ్చి పరీక్ష చేయించాం. ఉందని వచ్చింది.

కంపెనీకి నిజమే చెప్పాడు. వాళ్ళు సెలవిచ్చారు. వెనక గదిలో చేరి తలుపు వేసుకున్నాక లోపలి నుంచి అన్నాడు.

"గ్రూపులో పెట్టేయ్ దివ్యా. రిబ్బను కడితే కట్టనీ. పదిహేను రోజులే కదా."

"పెట్టను."

"ఎందుకు?"

వీధి వైపు చూశాను. ఎదురుగా కామేశ్వరి గారి కిటికీ. నా గేటుకు ఎర్ర రిబ్బను కట్టిన రోజున ఆవిడ ఆ కిటికీలో నిలబడి చూస్తుంది. తప్పేం లేదు, నేనైనా చూస్తాను. కానీ ఆ చూపు నేను భరించలేననుకున్నాను.

"పాలు ఆపితే తెలిసిపోతుంది. ఆపకపోతే ఎవరికీ తెలియదు" అన్నాను.

లోపలి నుంచి దగ్గు వినబడింది.

మా అత్తగారు పార్వతీదేవి కాకినాడ మనిషి. ఈ కాలనీకి వచ్చి ఆరేళ్ళయినా ఆవిడకు ఇక్కడ మాట్లాడేవాళ్ళు దొరకలేదు. ఇక్కడి తెలుగు తనకు రాదనేది. దొరికిన ఒక్క మనిషి బుచ్చమ్మ. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి సగమే తెలిసేది. ఆ సగంతోనే రోజూ అరగంట గడిపేవారు. పాలు పోశాక బుచ్చమ్మ గ్రిల్లు లోపలికి వచ్చి వరండా మెట్టు మీద కూర్చునేది. అత్తయ్య పక్కన కూర్చుని ఛాయ్ ఇచ్చేది. బుచ్చమ్మకు ఎడమ చెవి వినబడదు. అత్తయ్య ఆవిడ కుడి పక్కన చేరి, చెవి దగ్గరగా వంగి, గట్టిగా చెప్పేది. మా వీధి మొత్తానికి మా ఇంట్లో ఆ రోజు ఏం కూరో తెలిసిపోయేది.

జ్వరం వచ్చిన మర్నాడు నేను అత్తయ్యకు మాస్కు ఇచ్చాను. ఏమీ జరగనట్టే మామూలుగా కూర్చోమన్నాను. వంటింటి కిటికీ లోంచి చూస్తూ నిలబడ్డాను.

"పారతమ్మా, సారు కనబడ్తలేడేంది? కంపెనీ బంద్ వెట్టిన్రా?"

"రాత్రి డ్యూటీ బుచ్చమ్మా. పడుకున్నాడు."

"ఏమంటున్నవ్?"

"రాత్రి డ్యూటీ."

"గా గుడ్డ తీసి మాట్లాడు. ఒక చెవు ఎట్లాగూ లేదాయె. మూతి గూడ కనబడకపోతే నాకేం సమజ్ అయితది?"

అత్తయ్య నా వైపు చూసింది. నేను కళ్ళు దించుకున్నాను. ఆవిడ మాస్కు గడ్డం కిందకి లాక్కుని, వంగి, మళ్ళీ చెప్పింది. బుచ్చమ్మ నవ్వి, తన కొంగు కూడా మూతి మీది నుంచి తీసేసి ఛాయ్ తాగింది.

నేను కిటికీ దగ్గరే నిలబడి ఉన్నాను. "అత్తయ్యా, లోపల ఫోను మోగుతోంది" అంటే చాలు, ఆవిడ లేచి వచ్చేసేది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. రేపు అందాం అనుకున్నాను.

శ్రీరామనవమి నాటికి మా ఆయనకు జ్వరం తగ్గి నీరసం మిగిలింది. గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాను. ఆ పొద్దున అత్తయ్య మంచం దిగలేదు.

"ఒళ్ళు వెచ్చగా ఉంది దివ్యా. గొంతులో గరగర. ఇవాళ నేను బయటికి రానులే. బుచ్చమ్మకి నువ్వే ఏదో చెప్పు."

సరే అనబోతున్నాను. ఇంతలో గ్రిల్లు గొళ్ళెం చప్పుడైంది.

"పారతమ్మా, ఇగో నడిమి బర్రె ఈనింది. జున్నుపాలు దెచ్చిన. ముందుగాల మీ ఇంటికే దెచ్చిన."

వీధంతా వినబడేలా అంది. ఎదురింటి కిటికీ తెరిచే ఉంది. జున్నుపాలు తెచ్చిన మనిషి ముందుకు అత్తయ్య రాకపోతే బుచ్చమ్మ ఊరుకోదు. లోపలికి వచ్చి మంచం దగ్గర కూర్చుంటుంది. ఏమైంది పారతమ్మకు అని ఇరవై ఇళ్ళలో అడుగుతుంది.

"ఒక్క పది నిమిషాలు అత్తయ్యా. కూర్చుని పంపించేయండి" అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసింది. లేచి, చీర సర్దుకుని, గోడ పట్టుకుని వరండాలోకి వెళ్ళింది.

పది నిమిషాలు కాదు, ముప్పావుగంట కూర్చున్నారు. జున్నులో మిరియాలు వేయాలా యాలకులు వేయాలా అని వాదించుకున్నారు. మీరు బెల్లం ఎక్కువేసి పాడుజేస్తరని బుచ్చమ్మ అంది. మీకు తినడం రాదని అత్తయ్య అంది. ఎవరి గిన్నెనూ ఉత్తగా తిరిగి పంపకూడదని అత్తయ్య పట్టు. జున్నుపాల గిన్నె కడిగించి, అందులో పానకం పోసి, తనే తాగించింది. మధ్యలో రెండుసార్లు దగ్గింది.

"నిన్నటి ఎండకు పారతమ్మా. సల్ల తాగు" అంది బుచ్చమ్మ, వీపు నిమురుతూ.

అదంతా నేను కిటికీ లోంచి చూశాను. ఎవరో చెప్పగా విన్నది కాదు.

ఆ తర్వాత అయిదు రోజులు బుచ్చమ్మ వచ్చింది. ఆరో రోజు గొళ్ళెం చప్పుడు కాలేదు, బండి హారను వినబడింది. నరసింహ గేటు బయటే నిలబడి ఉన్నాడు, క్యాను పట్టుకుని.

"అమ్మకు జర పానం మంచిగ లేదక్కా. నాలుగొద్దులు నేనే తెస్త."

"జ్వరమా?"

"జెరమే. దగ్గు గూడ ఉంది. మాత్రలేసుకున్నది, తగ్గుతది తీయ్."

నేను గిన్నె పట్టుకున్నాను. పాలు పోసి వెళ్ళిపోయాడు. ఆ పాలు కాచాను, కాఫీ కలిపాను, ముగ్గురం తాగాం. అత్తయ్య జ్వరం రెండు రోజులకే పోయింది. ఆవిడకు పరీక్ష కూడా చేయించలేదు. చేయిస్తే ఉందని తేలుతుంది కదా, అందుకని.

మరో మూడు రోజులకు నరసింహ ఫోన్ చేశాడు. "అక్కా, సారు గా కంపెనీల జేస్తడు గద. యాడన్న బెడ్డు దొరుకుతదేమో అడుగుర్రి. ఆక్సిజన్ ఎనబైకి వడ్డది." మా ఆయన నీరసంగానే కూర్చుని తెలిసిన వాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. మేడ్చల్‌లో లేదన్నారు. అల్వాల్‌లో లేదన్నారు. గాజులరామారంలో ఎవరో సిలిండరు ఇస్తామని చెప్పి ఫోను ఎత్తడం మానేశారు. పార్టీలో తిరిగినన్నాళ్ళు నరసింహకు తెలియని నాయకుడు లేడు. ఆ రెండు రోజులు ఒక్కరూ అతని ఫోను ఎత్తలేదట. చివరికి ఎక్కడో ఒక చిన్న ఆసుపత్రి వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి ఆక్సిజన్ పెట్టారు. బుచ్చమ్మ ఆ కుర్చీలోనే పోయింది.

గ్రూపులో బుల్లిబాబు గారు పెట్టారు. "మన పాల బుచ్చమ్మ ఇక లేరు. ఓం శాంతి." దాని కింద అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను. నా వేళ్ళు వాటంతట అవే పెట్టాయి.

తేలు కుట్టిన దొంగ అంటారు. ఆ మాట ఎన్నిసార్లు వాడానో. అది ఎలా ఉంటుందో ఆ వేసవిలో తెలిసింది. పొద్దున ఆరింటికి పది నిమిషాల ముందే మెలకువ వచ్చేది. గొళ్ళెం తీసిన చప్పుడు వినబడేది. లేచి వెళ్ళి చూస్తే గ్రిల్లు తాళం వేసినట్టే ఉండేది. "ఎవరూ లేరు, పడుకో" అనేవాడు మా ఆయన, నేనేమీ అడగకముందే. అంటే ఆయనా మేలుకునే ఉన్నాడన్నమాట.

ఒకరోజు నిజంగానే మాట వినబడింది. వరండాలో అత్తయ్య గొంతు, గట్టిగా, వీధికి వినబడేలా. "ఇవాళ దోసకాయ పప్పు. నువ్వేం చేశావు?"

పరిగెత్తుకెళ్ళాను. అత్తయ్య మెట్టు మీద ఒక్కతే కూర్చుంది, కుడి పక్కకు వంగి. నన్ను చూసి సర్దుకుంది.

"అలవాటులో అన్నానే" అంది.

ఆవిడ అన్నం తినడం తగ్గించేసింది. నన్ను ఒక్క మాట కూడా తప్పు పట్టలేదు. "ఒకసారి గౌరయ్య దగ్గరికి తీసుకెళ్ళు దివ్యా. నేను చెప్తాను" అని మాత్రం నాలుగైదుసార్లు అడిగింది. గౌరయ్య బుచ్చమ్మ భర్త. ఊరు మా కాలనీకి పది నిమిషాల నడక. నేను లాక్‌డౌన్ అన్నాను. మీకింకా నీరసం అన్నాను. పదకొండో రోజుకు వెళ్దామంటే, పది మందికి మించి ఉండకూడదట అన్నాను.

మా ఆయనదీ నా మాటే అయింది. "ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఏ ల్యాబూ తేల్చలేదు. ఆవిడ ఇరవై ఇళ్ళు తిరిగింది. ఇప్పుడు చెప్పి ఏం లాభం?" అన్నాడు. చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు. గ్రూపులో పెట్టేయమని మొదటి రోజే అన్న మనిషి.

అలాగే మే పోయింది. తొలకరి పడింది. లాక్‌డౌన్ ఎత్తేశారు. ప్యాకెట్ పాలు అలవాటైపోయాయి. ఇక దీన్ని మోస్తూనే బతకాలి కాబోలు, మోయొచ్చులే అనుకుంటున్న రోజుల్లో నరసింహ మా గేటు దగ్గరికి వచ్చాడు.

మనిషి సగమయ్యాడు. మెడలో కండువా లేదు. లోపలికి రమ్మంటే రాలేదు. గేటు అవతలే, అయిదడుగుల దూరంలో నిలబడి మాట్లాడాడు. మాస్కు మీద మాస్కు కట్టుకున్నాడు.

"ఒక్క పనుండె అక్కా. మా నాయినకు జర మీరొచ్చి చెప్పాలె."

"ఏం చెప్పాలి?"

"నేనే దెచ్చిన్నని అంటుండు. అమ్మకు నేనే అంటించిన్నని. ఎలక్షన్ల పనికి పోకుర్రా అన్నడు. ఇనలే. నాలుగొద్దులు జనాలల్ల తిరిగొచ్చిన. వచ్చినంక నాకు జర సర్ది గూడ అయ్యింది. గా వారంల్నే అమ్మకు జెరం వచ్చె." ఆగాడు. "నాయిన నాతోని మాట్లాడక రెండు నెలలు. ఇంట్ల పంటలేను. రోడ్డు మీద మా ప్లాట్ల ఆఫీసు రూముంది గద, గాడ్నే పంటున్న. ప్రణీత బువ్వ పంపిస్తది."

ప్రణీత అతని భార్య. వాళ్ళకు ఏడాదిన్నర పాప.

"పాప?" అన్నాను.

"దూరంకెళ్లే చూస్త. దగ్గరికి పోను. నాయినేం పోవద్దనలేదు, నాకే భయమైతది. ఇంకా నా పానంల ఉన్నదేమో గా రోగం అని. డాక్టరు లేదంటుండు గని, మనసొప్పుత లేదు." కళ్ళు తుడుచుకున్నాడు. "ఎవలికెళ్లయినా రావచ్చని మీరు జెప్తె నాయిన వింటడు. సారు గా కంపెనీల మనిషాయె. మీరు సదువుకున్నోళ్ళు. మీ మాటంటే అమ్మకు గూడ నమ్మకముండె."

వస్తానన్నాను. గేటు మూసి వెనక్కు తిరిగితే అత్తయ్య వరండాలో నిలబడి ఉంది. అంతా విన్నది.

"ఆ పిల్లాడి నెత్తిన పడింది చూశావా మన పాపం" అంది. "నువ్వు చెప్తావా, నేను రానా?"

"నేనే చెప్తాను అత్తయ్యా."

నిజంగానే చెప్పాలనే బయల్దేరాను. ఈ ఒక్క మాట నమ్మండి. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. మొదట జ్వరం సంగతి, తర్వాత మాస్కు, తర్వాత జున్నుపాల రోజు. నేనే కూర్చోమన్నానని చెప్పాలి, అత్తయ్య తప్పు లేదని చెప్పాలి. వాన వెలిసి దారంతా బురదగా ఉంది.

గౌరయ్య కొట్టం ముందు నులక మంచం మీద కూర్చున్నాడు. నన్ను చూసి లేచి, తనే కుర్చీ తెచ్చి తుడిచి వేశాడు. ప్రణీత పాపను చంకన వేసుకుని వచ్చి నీళ్ళిచ్చి వెళ్ళింది. నరసింహ వాకిలి బయట, బండి పక్కన నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"గిట్ల ఎవరి నుంచైనా రావచ్చండీ తాతగారూ" అని మొదలుపెట్టాను. తత్తరపాటులో వాళ్ళ మాట నా నోట్లోకి వచ్చేసింది. "ఫలానా వాళ్ళ నుంచే అని చెప్పలేం. మా ఆయన వాళ్ళ ల్యాబులో కూడా అదే అంటారు. నరసింహ గారి వల్లే అనుకోవడం..."

ముసలాయన చెయ్యెత్తాడు. కోపంతో కాదు.

"ఒక్కటడుగుత బిడ్డా, నిజం జెప్పు. అది ఇరవై ఇండ్లల్ల పాలు వోసినా ఎవలింట్ల కూసునేది గాదు. మీ ఇంట్లనే కూసుండె. మీ అత్తమ్మ అంటె దానికి పానం. మరి గప్పుడు మీ ఇంట్ల ఎవలికన్న వచ్చిందా?"

అడగనే అడిగాడు. నేను కూర్చుకున్న మాటలన్నిటికీ చోటు ఇచ్చాడు. అవును అంటే చాలు. వాకిలి బయట నరసింహ తలెత్తి చూశాడు. ఆ చూపులో నా మీద అనుమానం ఏమీ లేదు. నన్ను అలా అడిగినందుకు తండ్రి తరఫున నొచ్చుకుంటున్నట్టు చూశాడు.

"మా ఇంట్లోనా?" అన్నాను. "లేదండీ."

ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. కామేశ్వరి గారు అక్కడ లేరు, కిటికీ లేదు, రిబ్బను కట్టేవాళ్ళు లేరు. రెండు నెలలు రోజూ అన్న అబద్ధం కదా, నోటికి అదే వచ్చింది.

గౌరయ్య తల ఊపాడు. "ఇగ ఇంకేంది మరి. మీ ఇంట్ల లేదంటె మా ఇంట్లకెళ్లే వచ్చినట్టు" అన్నాడు నెమ్మదిగా. కొడుకు వైపు చూడలేదు. లేచి బర్రెలకు గడ్డి వేయడానికి వెళ్ళాడు.

నరసింహ నన్ను కాలనీ మలుపు దాకా దిగబెట్టాడు, బండి తోసుకుంటూ, పది అడుగులు వెనక. "మీరొచ్చిన్రు, గంతే సాలక్కా. నాయిన మనసు ఎప్పటికన్న మారుతది" అన్నాడు. నాకు థాంక్స్ చెప్పాడు.

ఇంట్లో అత్తయ్య దీపం పెట్టి కూర్చుని ఉంది.

"చెప్పావా?"

"చెప్పాను."

"నేనే మాస్కు తీశానని చెప్పావా? జున్ను రోజు నాకు జ్వరం ఉందని?"

"అన్నీ చెప్పాను అత్తయ్యా."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు. పోయిన మనిషి పోయింది, మీ అత్తమ్మను బాధపడొద్దని చెప్పమన్నాడు."

ఆవిడ ఏడ్చింది. బుచ్చమ్మ పోయాక మొదటిసారి ఏడ్చింది. పైకి, చిన్నపిల్లలా ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని, మాగాయ వేయించుకుని, కడుపునిండా అన్నం తింది. నేను వడ్డించాను. ఒక అబద్ధానికి ఇంత తింటుందనుకుంటే ఎప్పుడో చెప్పేదాన్ని కదా అనుకున్నాను. అంత మాట అనుకోగలిగాను.

మర్నాడు మెలకువ వచ్చేసరికి ఏడు దాటింది. రెండు నెలల్లో మొదటిసారి ఆరింటికి లేవలేదు. అత్తయ్య మంచం ఖాళీగా ఉంది. పక్క సర్ది ఉంది. వరండాలో లేదు. స్నానాల గదిలో లేదు. చెప్పులు లేవు.

ఎక్కడికి వెళ్ళిందో తెలియడానికి నాకు ఒక్క క్షణం పట్టలేదు. చెప్పేశాం కాబట్టి, ఆయన క్షమించాడు కాబట్టి, ఇక ఆ ఇంటి గడప తొక్కొచ్చు అనుకుంది. స్నేహితురాలి ఇంటికి పలకరింపుకు వెళ్ళింది.

చున్నీ కూడా వేసుకోకుండా బురదలో పరిగెత్తాను. కామేశ్వరి గారు మేడ మీద బట్టలు ఆరేస్తూ చూస్తోంది. చూస్తే చూడనీ అని మొదటిసారి అనిపించింది. రెండు నెలల ముందు అనిపించాల్సింది.

వాకిట్లో అడుగు పెట్టేసరికి అంతా అయిపోయింది. అత్తయ్య నులక మంచం మీద కూర్చుంది. గౌరయ్య కింద గొంతుక్కూర్చున్నాడు, తల రెండు చేతుల్లో పెట్టుకుని. ప్రణీత గుమ్మంలో నిలబడి ఉంది. ఎవరు పిలిచారో గాని నరసింహ వాకిలి లోపల ఉన్నాడు. రెండు నెలల తర్వాత లోపలికి వచ్చాడు. మాస్కులు చేతిలో ఉన్నాయి.

అత్తయ్య నన్ను చూసింది.

"చెప్పానన్నావు కదే దివ్యా" అంది. అంతే అంది. గొంతు అంత చిన్నగా నేను ఎప్పుడూ వినలేదు.

గౌరయ్య తిడతాడనుకున్నాను. నరసింహ మీదికి వస్తాడనుకున్నాను. ఇద్దరిలో ఒకరైనా ఆ పని చేస్తే బాగుండును. గౌరయ్య తలెత్తలేదు. నరసింహ నా ముందుకు వచ్చి ఆగాడు. ఈసారి అయిదడుగుల దూరం లేదు.

"రెండు నెలలాయె అక్కా, నా బిడ్డను ఎత్తుకోక" అన్నాడు.

అక్క అనే అన్నాడు. అప్పటికీ ఆ పిలుపు మార్చలేదు.

తిరిగి గుమ్మం దగ్గరికి వెళ్ళి ప్రణీత చంకలోంచి పాపను తీసుకున్నాడు. పాప అతని ముఖం చూసింది. ముఖం తిప్పుకుని తల్లి వైపు చేతులు చాచింది. తల్లి తీసుకోలేదు. పాప కొత్తవాళ్ళను చూసినట్టు చూసి, గట్టిగా ఏడుపు మొదలుపెట్టింది. నరసింహ దింపలేదు. ఆ ఏడుస్తున్న పిల్లను గుండెకు అదుముకుని, లోపలికి వెళ్ళకుండా, బయటికి రాకుండా, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏడ్వనియ్యి" అన్నాడు గౌరయ్య, కొడుకుతోనే. "అలవాటైతది."

పాప చాలాసేపు ఏడ్చింది. ఆ ఏడుపు ఆగేదాకా నేను వాకిట్లో నిలబడే ఉన్నాను. నన్ను ఎవరూ పొమ్మనలేదు, కూర్చోమనలేదు.